ఫోర్క్ ఆయిల్ మార్చే ముందు

కోరాపుట్, జయపురం వైపు పాత బండి నడిపేవాళ్లకు సుంకి ఘాట్ దిగేటప్పుడే తెలిసిపోతుంది: బ్రేకు పట్టగానే ముందుభాగం కిందికి కుంగుతుంటే ఫోర్క్‌లో, అంటే ముందుచక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాల్లో, ఆయిల్ పాతబడిందనే అనుమానించాలి. విప్పేముందు ఇవి చూసుకోండి.

ఫోర్క్ పైక్యాప్ కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, దెబ్బ తగిలేదీ ఇక్కడే. ముందుచక్రం నేల మీద ఉండగానే పైక్లాంప్ (గొట్టాన్ని పైన బిగించి పట్టుకునే పట్టీ) బోల్టు, తర్వాత క్యాప్ కొంచెం వదులు చేయండి. ఆ తర్వాతే ఇంజిన్ కింద గట్టి దిమ్మ పెట్టి చక్రం లేపండి. సైడ్ స్టాండ్‌ను నమ్మొద్దు. క్యాప్‌ను చివరి చుట్టులో అరచేత్తో కిందికి నొక్కుతూ తిప్పండి, ముఖం పక్కకు పెట్టుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి.

బ్రేక్ డిస్కును, టైరును గుడ్డతో కప్పండి. ఒక్క చుక్క పడినా ఘాట్‌లో బ్రేకు పట్టదు.

ఆయిల్ గ్రేడు, కొలత మాన్యువల్ ప్రకారమే. ఫోర్క్ రెండు కాళ్లలోనూ (గొట్టాల్లోనూ) సమానంగా ఉండాలి. కొలపాత్ర లేకపోతే పని మొదలుపెట్టకండి.

ఫోర్క్ రాడ్ మీద తుప్పు గుంటలుంటే ఆయిల్ కారకుండా ఆపే సీలు కొత్తది వేసినా నిలవదు, ముందు దాన్ని మెకానిక్‌కు చూపించండి.

పాత ఆయిల్‌కు మూతున్న డబ్బా సిద్ధంగా ఉంచండి. గెడ్డలో పోయకండి, ఆ నీళ్లు ఊరివాళ్లు వాడుకుంటారు.