లిచీ యాప్‌తో డ్రోన్ తనంతట తాను ఎగిరేటప్పుడు: సమస్యలు - పరిష్కారాలు

డీజేఐ కంపెనీ డ్రోన్లను, మ్యాపు మీద ముందే పెట్టిన పాయింట్ల దారిలో ఎగరేసే యాప్ లిచీ. అలా గీసిన దారినే మిషన్ అంటారు. అన్నిటికంటే ముందు డ్రోన్‌ను ఆపడం నేర్చుకోండి. దారి తప్పిందనిపించగానే రిమోట్ మీది మోడ్ స్విచ్‌ను నార్మల్ నుంచి స్పోర్ట్‌కు జరిపితే మిషన్ తెగిపోయి అదుపు మీ చేతికి వస్తుంది. స్పోర్ట్‌లో అడ్డంకులను పసిగట్టే సెన్సర్లు పనిచేయవు కాబట్టి డ్రోన్ నిలకడగా ఆగగానే మళ్లీ నార్మల్‌కు తెచ్చుకోవాలి. ఖాళీ మైదానంలో మూడు పాయింట్ల చిన్న మిషన్ పెట్టి పదిసార్లు ఇలా ఆపి చూడండి. ఈ సాధన లేనివారు చెట్ల మధ్య మిషన్ మొదలుపెట్టకూడదు.

యాప్‌కు డ్రోన్ కనిపించడం లేదు

కేబుల్ పెట్టగానే ఫోనులో డీజేఐ సొంత యాప్ అయిన డీజేఐ ఫ్లై తెరుచుకుని రిమోట్‌ను తనకే అట్టిపెట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని పూర్తిగా ఆపి, కేబుల్ తీసి మళ్లీ పెట్టి, ఈసారి లిచీని తెరవండి.

మిషన్ మొదలు కావడం లేదు

స్విచ్ నార్మల్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా కదలకపోతే, జీపీఎస్ అందుకుని హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగి రావలసిన చోటు) నమోదయ్యేదాకా ఆగండి.

అనుకున్న ఎత్తులో ఎగరడం లేదు, గుట్ట మీదికి దూసుకుపోతోంది

ఎక్కువ డ్రోన్లు ఇక్కడే పోతాయి. మీరు పాయింట్‌కు 40 మీటర్లు అని ఇస్తే, డ్రోన్ ఆ ఎత్తును టేకాఫ్ అయిన చోటి నుంచి లెక్కిస్తుంది. పాయింట్ కింద నేల ఎంత లేచి ఉందో దానికి పట్టదు. దారిలో 35 మీటర్ల గుట్ట ఉంటే మిగిలేది అయిదు మీటర్లే, గుట్ట మీద వేపచెట్టు ఉంటే అదీ లేదు. మిషన్లు గీసుకునే లిచీ వెబ్‌సైట్ అయిన మిషన్ హబ్‌లో ఎబవ్ గ్రౌండ్ (నేల నుంచి ఎత్తు) ఎంపిక పెడితే నేల ఎత్తుపల్లాలను బట్టి లెక్క సరిచేస్తుంది. అయితే ఆ లెక్క మొదటి పాయింట్ దగ్గరి నేలను ఆధారం చేసుకుంటుంది, చెట్లనూ కరెంటు తీగలనూ లెక్కలోకి తీసుకోదు.

ఒకసారి చెరువు గట్టు మీద నుంచి ఎగరేయాలని మిషన్ గీసుకుని, వెళ్లాక నీడ కోసం గట్టు కింది పొలంలో నుంచి లేపాను. గట్టుకూ పొలానికీ తేడా ఆరు మీటర్లు. మిషన్ మొత్తం ఆరు మీటర్లు కిందికి దిగిపోయింది, తాటిమట్ట తగిలి ప్రొపెల్లర్ విరిగింది. అప్పటి నుంచి మొదటి పాయింట్ పక్కనే నిలబడి టేకాఫ్ చేస్తున్నాను. దారిలోని అత్యంత ఎత్తైన చెట్టు కంటే కనీసం 15 మీటర్లు పైన ఉండేలా పాయింట్లు పెడుతున్నాను. మీరూ అలాగే చేయండి. ఎత్తు పెంచేటప్పుడు మన దేశంలో గ్రీన్ జోన్‌కు (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతానికి) 120 మీటర్లే పరిమితి అని, 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలని గుర్తుంచుకోండి.

పాయింట్ల దగ్గర ఫొటోలు తీయకుండా సాగిపోతోంది

కర్వ్‌డ్ టర్న్స్ పెట్టి ఉంటారు. ఆ పద్ధతిలో డ్రోన్ ఎక్కడా ఆగదు, పాయింట్లకు ఇచ్చిన పనులనూ చేయదు. ఫొటోలు కావాలంటే స్ట్రెయిట్ లైన్స్‌కు మార్చండి. వీడియో సాఫీగా రావాలంటే వంపు దారే మంచిది.

కెమెరా గుడిని వదిలేసి ఆకాశాన్ని చూపుతోంది

చూడవలసిన చోటును మ్యాపు మీద పెట్టినా, దాన్ని ప్రతి పాయింట్‌కూ జత చేయలేదన్నమాట. ఒక్కొక్క పాయింట్ తెరిచి జత చేయండి, గింబల్ (కెమెరాను పట్టి తిప్పే భాగం) కోణం కూడా అక్కడే సరిచూడండి.

సగం దారిలో ఆగిపోయింది

ఇది మీ డ్రోన్ రకాన్ని బట్టి ఉంటుంది. ఫాంటమ్ 4, మావిక్ 2 వంటివి మిషన్‌ను ముందే తమలోకి ఎక్కించుకుంటాయి. మినీ 2, ఎయిర్ 2ఎస్ వంటివాటికి ఫోనే క్షణక్షణం ఆదేశాలు పంపుతూ ఉండాలి. ఫోన్‌కాల్ వచ్చి యాప్ వెనక్కి వెళ్లినా, సిగ్నల్ తెగినా మిషన్ అక్కడితో సరి. ఇంటి దగ్గరే మ్యాపును తెరిచి ఫోనులో నిలవ చేసుకుని, మైదానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. డ్రోన్‌కూ మీకూ మధ్య భవనం అడ్డురాకుండా నిలబడండి.

సిగ్నల్ పోయాక ఇలాంటి డ్రోన్ తిరుగుముఖం పడుతుంది. అప్పుడు మీరు గీసిన దారిని పట్టించుకోకుండా హోమ్ పాయింట్‌కు తిన్నగా వస్తుంది. అందుకే రిటర్న్ టు హోమ్ ఎత్తును మిషన్ పాయింట్లను చూసి కాకుండా, చుట్టుపక్కల ఉన్న సెల్ టవరునో కొబ్బరి తోటనో చూసి పెట్టండి. చోటు మారిన ప్రతిసారీ ఆ అంకె మార్చండి.