వీపు చల్లబడితే కారు చల్లబడినట్టు కాదు: వెంటిలేటెడ్ సీట్లున్నవారికి వేసవి జాగ్రత్తలు

ఎండలు ముదరకముందే, మూసి ఉంచిన కారులో పసిపిల్లలు చనిపోయారన్న వార్తలు మళ్ళీ మొదలయ్యాయి. ఇలాంటి వార్తల్లో ఊపిరాడక చనిపోయారని తరచుగా రాస్తారు గాని, ఎండలో నిలిపిన కారులో పిల్లల ప్రాణం తీసేది చాలావరకు గాలి కొరత కాదు, వేడి. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే అద్దం రెండంగుళాలు దించితే చాలుననీ, సీటులో ఫ్యాను తిరుగుతోంది కనుక భయం లేదనీ అనుకునేవారు ఏటా కనిపిస్తున్నారు. లోపల ఫ్యాన్లు అమర్చి ఉండే ఈ వెంటిలేటెడ్ సీట్లు ఒకప్పుడు ఖరీదైన కార్లలోనే ఉండేవి. ఇప్పుడు మధ్యస్థాయి కార్లలోనూ వస్తున్నాయి, అవి లేనివారు ఫ్యాన్లు అమర్చిన కుషన్లు కొని సీటు మీద పరుచుకుంటున్నారు. అందుకే ఈ సీట్లున్నవారి కోసం ప్రత్యేకంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నీడలో ఆపాలి, మంచినీళ్ళు దగ్గర ఉంచుకోవాలి వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

సీటు ఏమి చేస్తుంది, ఏమి చేయదు

వెంటిలేటెడ్ సీటు గాలిని చల్లబరచదు. సన్నని చిల్లులున్న తోలు లేదా రెక్సిన్ కింద గాలి ఆడేందుకు జాలి వంటి పొర ఒకటి, దాని వెనుక చిన్న ఫ్యాన్లు ఉంటాయి. అవి కారు లోపలి గాలినే తీసుకుని వీపుకూ తొడలకూ తగిలేలా ఊదుతాయి, లేదా ఒంటికి ఆనుకుని ఉన్న తేమ గాలిని సీటులోకి లాగేస్తాయి. 1997లో వచ్చిన సాబ్ 9-5 కారులో లాగే పద్ధతినే వాడారు. పద్ధతి ఏదైనా మనకు చల్లగా అనిపించడానికి ప్రధాన కారణం చెమట ఆరడమే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి ఒంటి నుంచి పోతుంది. అంటే ఈ చల్లదనానికి ఖర్చయ్యేది మీ ఒంట్లోని నీరే. గదిలో ఫ్యాను కింద కూర్చున్నవారికి హాయిగా ఉన్నా గది వేడి తగ్గనట్టే, ఈ సీటు ఫ్యాను తిరిగినంత మాత్రాన కారు వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గదు.

కూల్డ్ సీట్లు అని అమ్మేవాటిలో కొన్నింటికి ఏసీ గాలి గొట్టాన్ని సీటులోకి మళ్ళిస్తారు. మరికొన్నింటిలో పెల్టియర్ పలక ఉంటుంది. 1834లో ఫ్రాన్స్‌కు చెందిన పెల్టియర్ కనిపెట్టిన సూత్రం ప్రకారం, రెండు వేర్వేరు లోహాలు కలిసేచోట కరెంటు పారితే ఒకవైపు చల్లబడుతుంది, రెండోవైపు వేడెక్కుతుంది. ఆ రెండోవైపు వేడి ఎక్కడికి పోతుందో ఆలోచించేవారు తక్కువ. అది సీటు కింది నుంచో వెనుక నుంచో మళ్ళీ కారులోకే వస్తుంది. కనుక పెల్టియర్ సీటు మీ వీపు వరకే చలువ చేస్తుంది, కారుకు మాత్రం కాస్త వేడినే కలుపుతుంది.

చర్మం ఉష్ణోగ్రత సాధారణంగా 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. కారులోని గాలి అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు సీటు ఫ్యాను ఊదే గాలి ఒంటికి వేడినే మోసుకొస్తుంది, ఇక చెమట ఆరడం ఒక్కటే దిక్కు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఆ చెమట కూడా సరిగా ఆరదు. గాలిని చల్లబరచి, అందులోని తేమను తీసేది ఏసీ ఒక్కటే.

ప్రాణాల మీదికి తెచ్చే తప్పు ఇదీ

వీపుతో కారును కొలవడం. ఈ సీట్ల వల్ల వచ్చే చిక్కులన్నింటిలోకీ నేను పదేపదే చూసింది, మనుషులను ఆసుపత్రి దాకా తీసుకెళ్ళింది ఇదే.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. చాలా కార్లలో వెంటిలేషన్ ముందు సీట్లకే ఉంటుంది. నడిపేవారికి వీపు చల్లగా ఉంటుంది, చొక్కా తడవదు, ఏసీ గాలి ముఖానికి కొడుతుంటే చలిగా కూడా అనిపిస్తుంది. దాంతో బ్లోయర్ తగ్గిస్తారు, లేదా ఏసీయే ఆపేసి సీటు ఫ్యాను ఒక్కటీ ఉంచుతారు. అదే సమయంలో వెనుక సీటులో, అందులోనూ ఎండ పడే కిటికీ పక్కన, చైల్డ్ సీటులో బెల్టులతో బిగించి ఉన్న బిడ్డ పరిస్థితి వేరు. చైల్డ్ సీటు మందపాటి ఫోముతో, ప్లాస్టిక్ డొప్పతో వీపునూ పక్కలనూ కప్పేస్తుంది కనుక ఆ బిడ్డకు గాలి తగిలేది ముఖానికీ కాళ్ళకే. అద్దంలో చూస్తే ప్రశాంతంగా నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. కారు ఆపి మెడ వెనుక చెయ్యి పెట్టి చూస్తే జుట్టు మెడకు అంటుకుపోయి ఉంటుంది, బుగ్గలు కందిపోయి ఉంటాయి, బట్టలు వీపుకు అతుక్కుని ఉంటాయి. ముందు కూర్చున్నవారి చొక్కా మాత్రం పొడిగానే ఉంటుంది.

ఎలక్ట్రిక్ కార్లున్నవారు ఈ తప్పును తెలిసి తెలిసి చేస్తున్నారు. సీటు ఫ్యాన్లకు పట్టేది కొన్ని పదుల వాట్లు, ఏసీకి పట్టేది కిలోవాట్లలో. ఛార్జింగు మిగులుతుందని ఏసీ ఆపి సీటు ఫ్యానుతో నెట్టుకొస్తారు. కారులో మీరొక్కరే ఉండి, ఎండ మితంగా ఉండి, ఏసీని రెండు మూడు డిగ్రీలు పెంచుకుని సీటు వాడుకుంటే అందులో తప్పేమీ లేదు, ఈ సీట్లు పనికొచ్చేదే అందుకు. వెనుక ఎవరున్నా ఆ లెక్క చెల్లదు. మీ వీపు చల్లగా ఉంటే కారు చల్లగా ఉన్నట్టు కాదు.

ఇదే తప్పు కారు ఆగి ఉన్నప్పుడు ప్రాణాంతకమవుతుంది. సీటు ఫ్యాను వేసి ఉంచాను, రెండు నిమిషాల్లో వచ్చేస్తాను అని పిల్లలనో పెద్దవారినో కారులో వదిలి వెళ్ళేవారు ఈ లెక్కలు చూడాలి. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన కొలతల ప్రకారం, నిలిపిన కారులో గంటసేపట్లో పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుంది, అద్దం కొద్దిగా దించడం వల్ల పెద్ద తేడా రాదు. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మండువేసవిలో గంటసేపు ఎండలో ఉంచిన కార్లను కొలిస్తే లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, స్టీరింగు 53, సీట్లు 51, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీల దగ్గర ఉన్నాయి. నీడలో ఉంచిన కార్లలోనూ గాలి 38 డిగ్రీలకు చేరింది. రెండేళ్ళ బిడ్డ ఒంటి ఉష్ణోగ్రత ప్రమాదకరమైన 40 డిగ్రీలకు చేరడానికి ఎండలోని కారులో గంట, నీడలోని కారులో రెండు గంటలు చాలునని వారు లెక్కగట్టారు. 47 డిగ్రీల గాలిని పిల్లవాడి వీపుకు ఊదే ఫ్యాను వాడిని కాపాడదు. పైగా కారును ఆన్‌లో ఉంచి వెళ్ళినా కొన్ని కార్లు కొంతసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, వాటితోపాటు ఏసీ ఆగుతుంది, సీటు కూడా ఆగుతుంది.

ఎవరికి ఈ సీటు సరిగా పనిచేయదు

చెమట తక్కువ పట్టేవారికి ఈ సీటు వల్ల ఉపయోగం తక్కువ. వయసు పైబడినవారిలో చెమట తగ్గుతుంది, దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. కొన్ని పాతరకం అలర్జీ మాత్రలు, మూత్రాశయం కోసం వాడే కొన్ని మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు చెమటను తగ్గిస్తాయి. బీపీ కోసమో గుండె కోసమో మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వేసుకునేవారి ఒంట్లో నీరు ముందే తక్కువగా ఉంటుంది. ఇలాంటివారిని అందరికన్నా సుఖమైన సీటు అని ముందు కూర్చోబెట్టి ఏసీ తగ్గించడం మర్యాదే గాని క్షేమం కాదు. మధుమేహం వల్ల కాళ్ళూ తొడలూ మొద్దుబారినవారి విషయంలోనూ, వెన్నుపాము దెబ్బతిన్నవారి విషయంలోనూ మరో ప్రమాదం ఉంది. చాలా కార్లలో సీటును వేడిచేసే మీట, గాలి ఊదే మీట పక్కపక్కనే దాదాపు ఒకే బొమ్మతో ఉంటాయి. పొరపాటున వేడి మీట నొక్కినా స్పర్శ లేనివారికి తెలియదు, చర్మం కాలిపోయాక గాని బయటపడదు. వారి పక్కన ఉన్నవారే చూసుకోవాలి.

సీటు మీద ఏమి వేస్తున్నారు

చిల్లుల సీటు మీద మందపాటి కవరు తొడిగితే వెంటిలేషన్ ఉండీ లేనట్టే, ఫ్యాను శబ్దం తప్ప ఏమీ మిగలదు. అది పోతే పోనీ, ముందు సీట్ల పక్క భాగంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు పక్కలను పూర్తిగా కప్పే కవరు తొడిగితే, గుద్దుకున్నప్పుడు ఆ బ్యాగు తెరుచుకోవలసిన చోట తెరుచుకోకపోవచ్చు. ప్రయాణికుడి సీటు అడుగున బరువును గుర్తించి ఎయిర్‌బ్యాగ్ పనిచేయాలో వద్దో తేల్చే సెన్సరు చాలా కార్లలో ఉంటుంది. దాని మీద మందపాటి ఫ్యాను కుషన్ వేస్తే ఆ లెక్క తప్పవచ్చు. అటువంటి కుషన్ మీద కూర్చున్నప్పుడు మనిషి ఎత్తు పెరుగుతాడు, ముందుకు జరుగుతాడు, నడుము బెల్టు తుంటి ఎముక మీద నుంచి పైకి జరిగి పొట్ట మీదికి వస్తుంది. ప్రమాదంలో ఆ బెల్టే పేగులను నలిపేస్తుంది. కొనక ముందే కారు మాన్యువల్‌లో సీటు కవర్ల గురించిన పేజీ చదవండి. ఆ పేజీ దాదాపు ప్రతి మాన్యువల్‌లోనూ ఉంటుంది, చదివేవారే లేరు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే సీటు ఫ్యాను వేయవద్దు. ముందు తలుపులన్నీ తెరవండి, అద్దాలు దించి ఏసీ వేసి ఒకటి రెండు నిమిషాలు నడపండి, వేడి గాలి బయటికి పోయాక అద్దాలు మూసి లోపలి గాలే తిరిగే మోడు పెట్టండి, సీటు ఫ్యాను అప్పుడు వేయండి.

చాలా సీట్లు గాలిని సీటు అడుగు నుంచే తీసుకుంటాయి కనుక ఏసీ గాలిలో కొంత కాళ్ళ వైపు మళ్ళిస్తే సీటు త్వరగా చల్లబడుతుంది. ఇది మాన్యువల్‌లో ఉండకపోవచ్చు గాని పనిచేస్తుంది.

సీటు కింద సంచులు, గొడుగులు, పాత పేపర్లు కుక్కవద్దు. గాలి దారి మూసుకుపోతే ఫ్యాను వేడెక్కుతుంది. నీళ్ళ సీసా అసలే వద్దు, అది దొర్లి బ్రేకు పెడల్ కిందికి చేరుతుంది.

బిడ్డను కూర్చోబెట్టే ముందు బెల్టు బకిల్‌ను, దాని లోహపు నాలుకను చేత్తో తాకి చూడండి. తోలు చల్లబడ్డాక కూడా ఇనుము కాలుతూనే ఉంటుంది.

వెనుక బిడ్డ ఉంటే ఏసీ ఎంత ఉంచాలో వెనుక కూర్చున్నవారినే నిర్ణయించమనండి. ఎవరూ లేకపోతే మధ్యలో ఆపి బిడ్డ మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి. మీ వీపును నమ్మవద్దు.

సీటు మీద నీళ్ళు పోసి కడగవద్దు. చిల్లుల గుండా నీరు ఫ్యాన్లకూ వైర్లకూ చేరుతుంది. తోలుకు పూసే క్రీము గుడ్డ మీద వేసుకుని తుడవండి, సీటు మీద పోయవద్దు.

సీటు కింద పసుపు రంగు ప్లగ్గులు ఎయిర్‌బ్యాగ్‌కు చెందినవి. వాటిని ముట్టవద్దు, విప్పవద్దు, ఫ్యాను కుషన్ అమర్చేవారిని విప్పనివ్వవద్దు.

కుషన్ వైరు పెడల్స్ దగ్గర వేలాడనీయవద్దు. కుషన్‌కు పెట్టిన పవర్ బ్యాంకును ఎండలోని కారులో వదలవద్దు. ప్లగ్గు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వెంటనే పీకేయండి.

మూసిన షెడ్డులో ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తలనొప్పి, వికారం, మాట తడబడటం, అర్థం లేని చిరాకు, ఒళ్ళు కాగిపోవడం కనిపిస్తే సీటు ఫ్యాను పెంచవద్దు. అవి వడదెబ్బ లక్షణాలు. మనిషిని కారు నుంచి దించి నీడకు చేర్చండి, బట్టలు వదులు చేయండి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి, అంబులెన్సును పిలవండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

వాడని కారును కూడా తాళం వేసి ఉంచండి. పిల్లలు ఆడుకుంటూ ఎక్కి లోపల చిక్కుకుపోయిన సంఘటనల్లో కారు ఎక్కడికీ కదలలేదు. తాళాలు పిల్లలకు అందేచోట వేలాడదీయవద్దు.

దిగిన ప్రతిసారీ వెనుక తలుపు తెరిచి చూడండి.

బిడ్డ నిద్రపోతోంది, లేపితే ఏడుస్తుంది అని వదిలి వెళ్ళవద్దు. లేపండి, ఏడ్వనివ్వండి, ఎత్తుకుని వెంట తీసుకెళ్ళండి.