ఊళ్లో పదిమందిని కూర్చోబెట్టి కథ చదవడం ఎలా

కథ చదివినంత మాత్రాన మనిషి మారిపోడు. చదవగానే నీతి ఏమిటో తేల్చుకుని పుస్తకం మూసేసినవాడైతే అసలే మారడు. బడిలో ప్రతి పాఠం చివరా అడిగిన ఆ నీతి ప్రశ్నే మనలో చాలామందిని సాహిత్యానికి దూరం చేసిందని నా అనుమానం. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఆరేళ్లుగా నెలకొక రాత్రి పదిపదిహేనుమందిమి కూర్చుని ఒక కథ చదువుకుంటున్నాం. పొరపాట్లు చేస్తూ నేర్చుకున్న ఆ పద్ధతిని, ఇలాంటి ప్రయత్నం చేయదలచిన వారికోసం రాస్తున్నాను.

ముందు ఎందుకు చదువుతున్నామో స్పష్టత ఉండాలి. పదకొండో శతాబ్దంలో కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు. కీర్తి, ధనం రాసేవాడికి సంబంధించినవి కనుక వాటిని పక్కన పెడదాం. మిగిలినవాటిలో లోకవ్యవహారం తెలియడం, చదువుతున్న క్షణంలోనే కలిగే ఆనందం, కాంతాసమ్మితమైన, అంటే ప్రియురాలి మాటలాంటి ఉపదేశం మనకు కావలసినవి. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుందనీ, పురాణం మిత్రుడిలా హితవు చెబుతుందనీ, కావ్యం మాత్రం ప్రియురాలిలా మనసు కరిగించి తన దారికి తెచ్చుకుంటుందనీ మన పెద్దలు చేసిన విభజన కథ చదివించేవాడికి నేటికీ పనికొస్తుంది. ఆజ్ఞాపించడం, హితవు చెప్పడం రెండూ అతని పని కావు.

కథలు చదివితే ఎదుటివారి మనసు తెలుస్తుందని శాస్త్రం నిరూపించింది కదా అని కొందరు అంటారు. 2013లో కిడ్, కాస్టానో అనే పరిశోధకులు, మంచి సాహిత్య కథల్లోంచి కొద్ది పేజీలు చదివినవారు కళ్ల ఫొటోలు చూసి అందులోని భావాన్ని గుర్తించడంలో మెరుగ్గా ఉన్నారని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. 2016లో వేరేవారు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు ఆ ఫలితం కనబడలేదు. నాకైతే ఆశ్చర్యం కలగలేదు. ఒక్క పూట చదువుకు అంత ఫలం ఆశించడం, విత్తిన మర్నాడే కోతకు వెళ్లడం లాంటిది.

కథ ఎనిమిది పేజీలు దాటకూడదు. నిదానంగా చదివినా అరగంటలో ముగియాలి. మొదటి నెలల్లో మన మాటతీరులో ఉన్న కథలే ఎంచుకోవాలి. బిజినేపల్లిలో పుట్టిన యశోదారెడ్డి పాలమూరు ఆడవాళ్ల నోటి మాటల్లో రాసిన కథ ఒకటి మేం చదివిన రోజున, అప్పటిదాకా గుమ్మం అవతలే నిలబడి ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమ మాట అచ్చులో ఉందని నమ్మలేక లోపలికి వచ్చి, పుస్తకంలో నిజంగా అలాగే రాసి ఉందా అని అడిగారు. పుస్తకం కోసం మొహమాటపడనక్కరలేదు. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కనుక, దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో అడిగి తెచ్చుకోవచ్చు. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన నేల ఇది. ఒక్క ప్రతి చాలు. జిరాక్సులు తీసి పంచితే చదువు వచ్చినవారు కాగితంలోకి తల దించుకుంటారు, రానివారు గోడకు ఒదిగిపోతారు.

గుడి, కులసంఘ భవనం, నాయకుల ఇల్లు వద్దు. బడి వరండా మేలు. మొదటి నెల నాలుగు కుర్చీలు వేశాం. వాటిలో ఎవరు కూర్చున్నారో, కింద ఎవరు కూర్చున్నారో వేరే చెప్పనక్కరలేదు. రెండో నెల నుంచి అందరికీ ఒకే జంపఖానా. విత్తనాలు వేసే రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో విరామం ఇవ్వాలి.

ఇక అసలు మెలకువ. కథను మూడింట రెండు వంతుల దగ్గర, పాత్ర ఏదో ఒకటి తేల్చుకోవలసిన చోట ఆపాలి. అప్పుడు ‘ఈమె ఏం చెయ్యాలి?’ అని అడగవద్దు, ‘ఈమె ఏం చేస్తుంది?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు అందరూ తీర్పరులవుతారు. రెండో ప్రశ్నకు మాత్రం కాసేపు ఆమె ఇంట్లోకి వెళ్లి, ఆమె అప్పు లెక్కలు చూసి, ఆమె భయాన్ని తెలుసుకుని రావలసి వస్తుంది. నా మట్టుకు నాకు, చదువు మనిషిలో చేసే పని అంతా ఆ కాసేపట్లోనే జరుగుతుంది.

ఒకసారి చదివిన కథలో గుంపు మేస్త్రీ ఒకడు అడ్వాన్సు ఇచ్చి, ఒక కుటుంబాన్ని దూరదేశపు డ్యాము పనికి తోలుకుపోతాడు. అందరూ అతణ్ణి తిట్టిపోశారు. మూల కూర్చున్న ఒక పెద్దాయన, తానూ ఇరవై ఏళ్లు మేస్త్రీగా తిరిగినవాడు, చాలాసేపు బీడీ కట్టను తిప్పుతూ ఉండి, ‘‘ఒక మనిషి పారిపోతే ఆ పైసలు నా మీదనే పడుతుండె సారూ’’ అన్నాడు. వెంటనే ఒకామె, ‘‘నువ్వు చెప్పేది నిజమే గని అన్నా, మా పిల్లగాని బడి పోయె గద’’ అంది. అప్పుడు నేను నోరు తెరిచి, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందని సర్దిచెప్పాను. అంతే, మాట తెగిపోయింది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ ఇద్దరినీ మరో పది నిమిషాలు వదిలేసి ఉంటే ఏం మాట్లాడుకునేవారో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కథ చదివించేవాడు మౌనంగా ఉండడం కష్టమే. నేను చేతిలో చాయ్ గ్లాసు పెట్టుకుంటాను. మాట రాబోతే ఒక గుటక వేస్తాను.

తర్వాతి నెల కథను ఎంచే వంతు ప్రతిసారీ మారాలి, చదువు రానివారిని కూడా వదలకూడదు. రెండు నెలలు రాకుండా ఉండి తిరిగి వచ్చిన ఆ మేస్త్రీకి ఈసారి వంతు వచ్చింది. మనవరాలి చేత నాలుగు కథలు చదివించుకుని విని, ఒకటి ఎంచాడు. అది పందొమ్మిది పేజీల కథ. నియమం గుర్తుచేస్తే వినలేదు. రెండు నెలలకు పంచుకుని చదువుతున్నాం.