కెర్నెల్ లేచేలోపే మెమరీకి కర్చీఫ్ వేయడం ఎలా

సంక్రాంతికి ఊరెళ్లే బస్సు స్టాండ్‌లోకి తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం మనలో చాలామందికి అలవాటే. బస్సు నిండిపోయాక పట్టుచీర పరిచినా లాభం లేదు. లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, మెమరీ రిజర్వ్ చేయడం కూడా ఇదే వ్యవహారం. ర్యామ్‌లో ఫలానా ముక్క నాది, ముట్టుకోకు అని బూట్ మొదట్లోనే చెప్పాలి. చెప్పకపోతే మొత్తం తనదే అనుకుని ఎవరికి పడితే వాళ్లకి పంచేస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు.

ఎవరికి కావాలి ఇదంతా అంటారా? మెయిన్ ప్రాసెసర్ పక్కన ఇంకో చిన్న కోరో డీఎస్పీయో (సిగ్నల్ లెక్కలు చేసే ప్రాసెసర్) ఉండి, దాని ఫర్మ్‌వేర్ ర్యామ్‌లోనే ఒక మూల కూర్చునే బోర్డులు వాడేవాళ్లకి, ట్రస్ట్‌జోన్‌లో (ఆర్మ్ ప్రాసెసర్లలో విడిగా కాపాడే భాగం) సెక్యూర్ ఓఎస్ నడిపేవాళ్లకి, కెమెరా కోసం మధ్యలో తెగకుండా ఒకే ముక్కగా పెద్ద బఫర్ కావాల్సినవాళ్లకి, చివరికి ర్యామ్ స్టిక్‌లో ఒకచోట పాడైపోయినా కొత్తది కొనడానికి మనసొప్పని డెస్క్‌టాప్ వాళ్లకి కూడా.

నా గొడవ మొదటి రకం. 1 జీబీ బోర్డు, ర్యామ్ హెక్స్‌లో 40000000 దగ్గర మొదలై 80000000 దగ్గర అయిపోతుంది. రెండో కోర్ ఫర్మ్‌వేర్ కోసం 70000000 నుంచి 64 ఎంబీ పక్కన పెట్టాలి. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే వివరణ) రాశాను, బూట్ అయింది, పనిచేసింది, ఇంటికెళ్లిపోయాను. మర్నాడు గంటన్నర వీడియో ఆడాక ఆ కోర్ చచ్చిపోయింది. ఇంకోసారి కోర్ బాగానే ఉంది కానీ షెల్ చచ్చిపోయింది. మూడు రోజులు డీడీఆర్ టైమింగ్స్‌ని (ర్యామ్ చిప్ వేగం సెట్టింగ్స్) అనుమానించాం, హార్డ్‌వేర్ టీమ్‌తో మాటామాటా అయింది కూడా. తీరా చూస్తే బూట్ లాగ్‌లో, ఎవరూ చదవని ఆ మొదటి లైన్ల మధ్య, "రిజర్వ్‌డ్ మెమరీ: అన్‌సపోర్టెడ్ నోడ్ ఫార్మాట్, ఇగ్నోరింగ్" అని ఒక్క లైను. అంటే నేను వేసిన కర్చీఫ్ సీట్లో పడలేదు, బస్సు కింద పడింది. కెర్నెల్ ఆ మాట చెప్పింది కూడా, నేనే వినలేదు.

ఇంతకీ లోపల జరిగేదేంటంటే, బూట్ మొదట్లో మామూలు పేజ్ అలొకేటర్ ఇంకా పుట్టి ఉండదు. అప్పటిదాకా లెక్కలు చూసేది మెమ్‌బ్లాక్. దాని దగ్గర ఉండేవి ముఖ్యంగా రెండు జాబితాలే: ఉన్న ర్యామ్ ఎంత అనేది ఒకటి, అందులో ఎవరెవరు పట్టేసుకున్నారు అనేది రెండోది. కెర్నెల్ తన సొంత కోడ్‌ని, ఇనిట్ ర్యామ్‌డిస్క్‌ని (బూట్‌కి కావాల్సిన తాత్కాలిక ఫైళ్ల మూట), డివైస్ ట్రీ బ్లాబ్‌ని ఆ రెండో జాబితాలోకి ఎక్కిస్తుంది, మీరు అడిగినవి కూడా అక్కడికే ఎక్కాలి. తర్వాత ఒక క్షణంలో మెమ్‌బ్లాక్ తన దగ్గర మిగిలిందంతా బడ్డీ అలొకేటర్‌కి, అంటే ఆ మామూలు పేజ్ అలొకేటర్‌కి, అప్పగించేస్తుంది. మీ డ్రైవర్ ప్రోబ్ అయ్యేది, అంటే తన డివైస్‌ని పట్టుకుని పని మొదలుపెట్టేది, ఆ తర్వాతెప్పుడో. అందుకే "ప్రోబ్ ఫంక్షన్‌లో రిజర్వ్ చేసుకుంటాలే" అనే ఐడియా మొదట్లోనే వదిలేయండి. మాడ్యూల్ నుంచి పిలుద్దామన్నా మెమ్‌బ్లాక్ రిజర్వ్ ఫంక్షన్‌ని అసలు ఎక్స్‌పోర్ట్ చేయలేదు.

ముందు ఇప్పుడున్న పరిస్థితి చూడండి. ప్రాక్ కింద ఐఓమెమ్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని సుడో పెట్టి క్యాట్ చేయండి. సుడో లేకుండా చూస్తే అడ్రస్‌లన్నీ సున్నాలే కనిపిస్తాయి, అది చూసి కంగారు పడినవాళ్లు నాకు తెలుసు. సిస్టమ్ ర్యామ్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంది, కెర్నెల్ కోడ్ ఎక్కడ కూర్చుంది అన్నీ అందులో ఉంటాయి. బూట్‌లోడర్ (కెర్నెల్‌ని ర్యామ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్, నా బోర్డులో యు-బూట్) ర్యామ్‌డిస్క్‌నీ డివైస్ ట్రీనీ ఏ అడ్రస్‌లో లోడ్ చేస్తోందో కూడా యు-బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే దాని సెట్టింగ్స్‌లో, చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఇది ఎందుకో కిందికి వచ్చాక తెలుస్తుంది.

ఇప్పుడు డివైస్ ట్రీ. రూట్ కింద రిజర్వ్‌డ్-మెమరీ అనే నోడ్ పెట్టాలి. అందులో మూడు ప్రాపర్టీలు తప్పనిసరి: అడ్రస్-సెల్స్, సైజ్-సెల్స్, రేంజెస్. మొదటి రెండింటి విలువలూ రూట్ నోడ్‌లో ఉన్నవాటితో సరిపోవాలి. రేంజెస్‌కి విలువేమీ అక్కర్లేదు, ఖాళీగా ఉన్నా చాలు, కానీ ఉండాలి. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా కెర్నెల్ లోపలున్న పిల్ల నోడ్‌ల జోలికే పోకుండా మొత్తం వదిలేస్తుంది. నా మూడు రోజులు తినేసింది ఈ ఖాళీ రేంజెస్ రాయకపోవడమే.

దాని లోపల మీ ముక్కకి ఒక పిల్ల నోడ్. ఫలానా అడ్రసే కావాలంటే రెగ్ ప్రాపర్టీ రాస్తారు, అంటే సీటు నంబర్ చెప్పి పట్టడం. ఎక్కడైనా పర్లేదు, ఇంత సైజు చాలు అంటే రెగ్ మానేసి సైజ్, కావాలంటే అలైన్‌మెంట్ రాస్తే కెర్నెలే చోటు వెతుకుతుంది. ఫర్మ్‌వేర్‌ని ఒక స్థిరమైన అడ్రస్‌కి లింక్ చేసి ఉంటే మొదటిదే గతి. రెగ్ రాసేటప్పుడు సెల్స్ రెండేసి ఉంటే అడ్రస్‌కి రెండు అంకెలు, సైజుకి రెండు, వెరసి నాలుగు, అన్నీ హెక్స్‌లోనే, రాయాలి: 0, 70000000, 0, 4000000. రెండే రాస్తే "ఇన్‌వాలిడ్ రెగ్, స్కిప్పింగ్ నోడ్" అంటుంది. ఆ 4000000లో సున్నాలు వేలు పెట్టి లెక్కపెట్టండి, ఆరుంటే 64 ఎంబీ, ఐదే ఉంటే 4 ఎంబీ. అప్పుడు ఏ ఎర్రరూ రాదు, మిగతా 60 ఎంబీలో మీ ఫర్మ్‌వేరూ కెర్నెలూ కలిసి కాపురం చేస్తాయి.

అసలు ఆలోచించాల్సింది ఇక్కడ. రిజర్వ్ చేయడంలో మూడు రకాలున్నాయి, ఏది కావాలో తెలియకుండా పక్క బోర్డు ఫైల్ నుంచి కాపీ కొట్టడమే సగం సమస్యలకి కారణం.

ఏమీ రాయకుండా వదిలేస్తే కెర్నెల్ ఆ మెమరీని ఎవరికీ ఇవ్వదు, కానీ తన పేజ్ టేబుల్స్‌లో (సీపీయూ అడ్రస్‌లు వెతుక్కునే పట్టికలు) మాత్రం మ్యాప్ చేసి ఉంచుతుంది. మ్యాప్ అయి ఉందంటే సీపీయూ ముందుచూపుతో, మీరెవరూ అడక్కుండానే, అక్కడి నుంచి చదివే వీలుంది. మామూలు బఫర్‌కి ఇది పర్లేదు. సెక్యూర్ ఓఎస్ మెమరీ అయితే మధ్యలో హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ ఉంటుంది, అలా చదవబోతే అడ్డుకుని ఎర్రర్ కొడుతుంది, వారానికోసారి కారణం లేకుండా బోర్డు కుప్పకూలుతుంది. అలాంటి చోట నో-మ్యాప్ రాయాల్సిందే. రెండో కోర్‌తో పంచుకునే మెమరీకీ నేను నో-మ్యాపే వాడతాను, ఎందుకంటే అదే మెమరీని కెర్నెల్ ఒక రకం క్యాష్ సెట్టింగ్‌తో, నా డ్రైవర్ ఇంకో రకంతో మ్యాప్ చేసే గొడవ ఉండదు. పైగా ఆర్మ్64లో మామూలు ర్యామ్ మీద ఐఓరీమ్యాప్ (డ్రైవర్ తనకి కావాల్సిన అడ్రస్‌ని మ్యాప్ చేసుకునే ఫంక్షన్) చేయబోతే కెర్నెల్ ఒప్పుకోదు, నో-మ్యాప్ ముక్క మీద ఒప్పుకుంటుంది.

మూడోది రీయూజబుల్. సీటు నాదే, నేనొచ్చేదాకా ఎవరైనా కూర్చోండి, వచ్చాక లేవాలి అనే ఒప్పందం. షేర్డ్-డీఎంఏ-పూల్ అనే కంపాటిబుల్‌తో కలిపి రాస్తే అది సీఎంఏ (తెగకుండా ఒకే ముక్కగా మెమరీ ఇచ్చే కెర్నెల్ ఏర్పాటు) అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కెర్నెల్ అందులో కదిలించగలిగే పేజీలు పెట్టుకుంటుంది, కెమెరా అడిగినప్పుడు వాటిని పక్కకి జరుపుతుంది. 1 జీబీ బోర్డులో 256 ఎంబీ ఊరికే ఖాళీగా పడుండటం కంటే ఇది మేలే, కాకపోతే కూర్చున్నవాళ్లు లేవడానికి టైం పడుతుంది, ఒక్కోసారి లేవరు కూడా, అప్పుడు మీ అలొకేషన్ ఫెయిల్ అవుతుంది. నో-మ్యాప్, రీయూజబుల్ రెండూ ఒకే నోడ్‌లో రాయకూడదు, ఎవరినీ కూర్చోనివ్వద్దు, ఎవరినైనా కూర్చోనివ్వు అని ఒకే నోటితో చెప్పినట్టు. సీఎంఏకి అలైన్‌మెంట్ కూడా చూసుకోండి. 4కే పేజీలైతే 4 ఎంబీ గుణిజం మీద పెడితే గొడవుండదు, 64కే పేజీలతో కట్టిన ఆర్మ్64 కెర్నెల్ అయితే ఈ లెక్క మామూలుగా ఏకంగా 512 ఎంబీకి పోతుంది.

ఇంతా చేసి డ్రైవర్‌కి చెప్పకపోతే ఆ పూల్ అలా పడి ఉంటుందంతే. డివైస్ నోడ్‌లో మెమరీ-రీజియన్ అనే ప్రాపర్టీతో మీ పిల్ల నోడ్‌ని చూపించాలి, డ్రైవర్ ప్రోబ్‌లో రిజర్వ్‌డ్ మెమ్ డివైస్ ఇనిట్ ఫంక్షన్‌ని పిలవాలి. ఆ తర్వాత డీఎంఏ అలొకేషన్లు (డివైస్ నేరుగా చదివి రాసే బఫర్లు) ఆ పూల్ నుంచే వస్తాయి. ఇది పూల్‌కి మాత్రమే. ఫర్మ్‌వేర్ ముక్కలాంటిదైతే డ్రైవరే అడ్రస్ తీసుకుని మ్యాప్ చేసుకోవాలి.

ఇందాక కాగితం మీద రాసుకోమన్న అడ్రస్‌లు తీయండి. బూట్‌లోడర్ ర్యామ్‌డిస్క్‌ని సరిగ్గా మీ 64 ఎంబీలోనే దించితే ఏమవుతుంది? నో-మ్యాప్ అయితే కెర్నెల్ "ఫెయిల్డ్ టు రిజర్వ్" అని అరుస్తుంది, అదృష్టం. మామూలు రిజర్వ్ అయితే నోరెత్తదు, ఎందుకంటే ఒకే చోటుని ఇద్దరు పట్టుకున్నా మెమ్‌బ్లాక్‌కి అభ్యంతరం లేదు. కానీ ర్యామ్‌డిస్క్ పని అయిపోయాక కెర్నెల్ దాని మెమరీని విడిపించేస్తుంది చూడండి, దాంతోపాటు మీ ముక్కలో అంత మేర అందరికీ పంచేస్తుంది. లాగ్‌లో రిజర్వ్ అయినట్టే ఉంటుంది, నిజంగా మాత్రం ఉండదు. ర్యామ్‌డిస్క్ అడ్రస్ దూరంగా జరపండి, అంతే.

పీసీల్లో అయితే కథ వేరు. అక్కడ ఏది వాడొచ్చో ఏది వాడకూడదో ఫర్మ్‌వేరే ఈ820 అనే పట్టికలో ఇస్తుంది, డీమెసేజ్ కొడితే మొట్టమొదట కనిపించేది అదే. దానికి అదనంగా మీరేదైనా పక్కన పెట్టాలంటే కెర్నెల్ కమాండ్ లైన్‌లో మెమ్‌మ్యాప్ అని, సైజు, డాలర్ గుర్తు, అడ్రస్ రాయాలి. పాడైన ర్యామ్ ముక్కని దాటించడానికి ఇది చక్కటి చిట్కా. కానీ ఆ డాలర్‌తో జాగ్రత్త, పీసీల బూట్‌లోడర్ గ్రబ్ దాన్ని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. అప్పుడు మిగిలేది మెమ్‌మ్యాప్ ఈక్వల్ టు 64ఎం, దానికి కెర్నెల్ భాషలో అర్థం "ఈ మెషిన్‌లో ర్యామ్ 64 ఎంబీ మాత్రమే". నేను ల్యాబ్‌లో ఒక 16 జీబీ మెషిన్‌ని ఇలాగే పడుకోబెట్టాను. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో డాలర్ ముందు మూడు బ్యాక్‌స్లాష్‌లు పెట్టండి, లేదా మొదటిసారి గ్రబ్ మెనూలో "ఈ" అక్షరం కీ కొట్టి, అక్కడ ఒక్క బ్యాక్‌స్లాష్‌తో రాసి పరీక్షించండి. బూట్ అయ్యాక ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైల్‌లో డాలర్ బతికుందో లేదో చూడాలి. ఇలాంటి మెమ్‌మ్యాప్‌లు నాలుగు దాటితే కెర్నెల్ అడ్రస్‌ని ప్రతి బూట్‌కీ మార్చే కేఏఎస్ఎల్ఆర్ ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోండి. క్రాష్ డంప్ కోసమైతే ఇదంతా అక్కర్లేదు, క్రాష్‌కెర్నెల్ ఈక్వల్ టు 256ఎం అంటే అదే చూసుకుంటుంది.

ఇక పడిందో లేదో చూడటం. కమాండ్ లైన్‌లో మెమ్‌బ్లాక్ ఈక్వల్ టు డీబగ్ పెడితే ఎవరు ఎప్పుడు ఏ ముక్క పట్టారో, ఏ ఫంక్షన్ నుంచి అడిగారో లైన్ లైన్‌గా వస్తుంది. ఆర్మ్64లో డీబగ్‌ఎఫ్ఎస్ కింద మెమ్‌బ్లాక్ ఫోల్డర్‌లో ఆ జాబితాలు బూట్ తర్వాత కూడా ఉంటాయి. ఐఓమెమ్‌లో అయితే మామూలు రిజర్వ్ సిస్టమ్ ర్యామ్ కింద కొంచెం లోపలికి జరిగి కనిపిస్తుంది, నో-మ్యాప్ మాత్రం సిస్టమ్ ర్యామ్‌ని రెండుగా చీల్చి మధ్యలో విడిగా నిలబడుతుంది. ప్రాక్ కింద మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో మెమ్‌టోటల్ మార్పుకి ముందు, తర్వాత పోల్చండి, 64 ఎంబీకి సుమారు 65,536 కేబీ తగ్గాలి. రీయూజబుల్ అయితే తగ్గదు, సీఎంఏటోటల్‌లో చూపిస్తుంది.

వీటన్నిటి తర్వాత కూడా నాకు నమ్మకం కుదరక చేసిన పరీక్ష ఒకటుంది. యు-బూట్ ప్రాంప్ట్‌లో ఎండబ్ల్యూ కమాండ్‌తో ఆ 64 ఎంబీ మొత్తం 12345678 నింపేశాను. రెండో కోర్‌ని లేపకుండా లినక్స్ బూట్ చేసి, స్ట్రెస్-ఎన్‌జీతో మిగిలిన ర్యామ్‌ని పీకల్దాకా నింపి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే వచ్చి డెవ్‌మెమ్‌తో (అడ్రస్ ఇస్తే అక్కడున్నది చూపించే టూల్) మొదట్లో, మధ్యలో, చివర్లో, ఇంకో నాలుగైదు చోట్ల చదివి చూశాను. అన్ని చోట్లా 12345678 అలాగే ఉంది. అప్పుడెళ్లి హార్డ్‌వేర్ టీమ్‌కి టీ ఇప్పించాను.