పెళ్లి నిలబడాలంటే: గొడవ తర్వాత మళ్లీ కలిసే విద్య

మా తిరుపతిలో పెళ్లి మీద జనానికి ఉన్న శ్రద్ధ ఇంతా అంతా కాదు. తిరుమలలో స్వామివారికి నిత్యం కల్యాణోత్సవం జరుగుతుంది. పాపవినాశనం దారిలోని కల్యాణ వేదికలో దేవస్థానమే పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ ఉచితంగా సమకూర్చి పెళ్లిళ్లు జరిపిస్తుంది. మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్లో మండపం ఖాళీగా దొరకదు. జాతకాల దగ్గర నుంచి భోజనాల వరకు ప్రతి విషయాన్నీ పదిమంది పెద్దలు కూర్చుని ఆలోచిస్తారు. ఆ తర్వాత నలభై, యాభై ఏళ్లు కలిసి బతకడం ఎలాగో చెప్పేవారు మాత్రం అరుదు. చెప్పినా "సర్దుకుపోవాలి తల్లీ" అనే ఒక్క మాట, అదీ అప్పగింతలప్పుడు అమ్మాయికి మాత్రమే చెబుతారు. సర్దుకుపోవడం ఒకరి వంతే అయిన కాపురం బయటికి చక్కగానే కనిపించవచ్చు, కానీ లోపల ఒక మనిషి ఏళ్ల తరబడి కుంగిపోతూ ఉంటే దాన్ని నిలబడిన కాపురం అనడానికి నాకు మనసొప్పదు.

గొడవలు రాని కాపురం కోసం ఆశపడవద్దని నా మొదటి మనవి. గొడవ పడిన తర్వాత మళ్లీ ఒకరి దగ్గరికి ఒకరు రావడం ఇద్దరికీ తెలిసి ఉండాలి. దీర్ఘకాలం నిలిచే దాంపత్యానికి అసలు ఆధారం అదే. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, నేర్చుకుంటే అబ్బేది. పెళ్లయిన మొదటి ఏడాదిలోనే మొదలుపెడితే సులువు. ఇరవై ఏళ్ల తర్వాత మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

గొడవను ఎలా మొదలుపెట్టాలి, ఎలా ఆపాలి

అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక పరిశోధనశాల నెలకొల్పి, తమ మధ్య తెగని విషయం గురించి మాట్లాడుకొమ్మని భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, వారి మాటలనూ ముఖాల్లోని మార్పులనూ గుండె వేగాన్నీ నమోదు చేయించాడు. రాబర్ట్ లెవెన్సన్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి జంటలను ఏళ్ల తరబడి గమనించిన మీదట, కాపురాన్ని దెబ్బతీసే పోకడలు నాలుగని ఆయన తేల్చాడు: జరిగిన పని గురించి కాక మనిషి స్వభావాన్నే నిందించడం, చులకన చేయడం, ఏ మాటకైనా తన తప్పు లేదని ఎదురు సమర్థించుకోవడం, మాట పలుకు మానేసి ముఖం తిప్పుకోవడం. వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది చులకన అని ఆయన నిర్ధారణ. మన ఇళ్లలో చులకన ఎక్కువగా పుట్టింటి మీదుగా, జీతం మీదుగా, ఒంటి రంగు మీదుగా, చదువు మీదుగా వస్తుంది. "మీ ఇంట్లో నేర్పింది ఇదేనా" అన్న ఒక్క మాట పదేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. ఎంత కోపం వచ్చినా నోటికి రాకూడని మాటలు ఏవో ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న రోజునే చెప్పుకుని ఒప్పందం చేసుకోవడం మంచిది.

మాట మొదలైన తొలి రెండు మూడు నిమిషాల్లోనే గొడవ ఎటు పోతుందో దాదాపు తేలిపోతుందని కూడా ఆ పరిశీలనల్లో కనబడింది. కాబట్టి మొదటి వాక్యాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. "మీరెప్పుడూ ఇంతే, ఇల్లు పట్టదు" అంటే అవతలివారు తమను కాపాడుకోవడానికి సిద్ధమవుతారు. "ఏమండీ, ఈ నెల సిలిండరు అయిపోయేదాకా ఎవరం చూసుకోలేదు, పొద్దున డ్యూటీకి పోయే హడావుడిలో అది నాకు భారమవుతోంది, ఇకమీదట బుకింగు మీరు చూసుకోండి" అంటే అందులో జరిగిన పని ఉంది, పడ్డ ఇబ్బంది ఉంది, కావలసిందేమిటో ఉంది. భర్త కూడా ఇదే పద్ధతిలో మాట్లాడాలి. ఇంటి పనిలో "సాయం చేస్తున్నాను" అనే భావన వదిలి, కొన్ని పనులు పూర్తిగా తన బాధ్యతగా తీసుకుంటే సగం తగాదాలు మొదలే కావు.

గుండె నిమిషానికి నూరు సార్లకు మించి కొట్టుకునే స్థితిలో మనిషికి అవతలివారి మాట సరిగా చెవికెక్కదు. అప్పుడు ఆగాలి, కనీసం ఇరవై నిమిషాలు. అయితే చెప్పి ఆగాలి. ఏమీ చెప్పకుండా బండి తీసుకుని టీ కొట్టుకు వెళ్లిపోవడం అవమానం. "ఇప్పుడు మాట్లాడితే నోరు జారుతాను, రాత్రి అన్నం తిన్నాక కూర్చుందాం" అని చెప్పి వెళ్లడం మర్యాద. చెప్పిన వేళకు తిరిగి ఆ విషయాన్ని ఎత్తవలసింది కూడా ఆగుదామన్న మనిషే. మధ్యలోని సమయాన్ని గట్టి జవాబులు తయారుచేసుకోవడానికి వాడితే కోపం తగ్గదు; మొక్కలకు నీళ్లు పోయడమో కాస్త నడిచి రావడమో చేయాలి.

తిరిగి కలిసే వేళ ఎవరు ముందు మాట్లాడాలన్న పంతం మన దగ్గర ఎక్కువ. మన ఇళ్లలో క్షమాపణ మాటగా రావడం తక్కువ. కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టడం, "తిన్నావా" అని అడగడం, బజారు నుంచి మల్లెపూలు తేవడం వంటి రూపాల్లో వస్తుంది. దాన్ని గుర్తించి అందుకోవడం రెండోవారి ధర్మం. అయితే మనసును గాయపరచిన మాట అన్నప్పుడు కాఫీ గ్లాసు చాలదు, "ఆ మాట అనడం నా తప్పు" అని నోటితో చెప్పి తీరాలి. అత్తమామల ఎదుట అన్న మాటకు గదిలో తలుపు వేసుకుని క్షమాపణ అడిగితే సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఎవరి ముందు పరువు తీశామో వారి ముందే వెనక్కి తీసుకోవాలి.

భార్యాభర్తల మధ్య వచ్చే తగాదాల్లో సుమారు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తెగనివేనని గాట్‌మన్ లెక్క. ఒకరు ఖర్చు మనిషి, ఒకరు పొదుపరి. ఒకరికి ఇంటి నిండా బంధువులు ఉండాలి, ఒకరికి ఏకాంతం కావాలి. వీటిని గెలవాలని చూడకుండా, ఆరు నెలలకొకసారి మళ్లీ మాట్లాడుకోవలసిన విషయాలుగా స్వీకరిస్తే మనసుకు చాలా తేలిక.

డబ్బు

పద్మావతీదేవిని పెళ్లాడడానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, ఆ అప్పు నేటికీ హుండీ కానుకలతో తీరుస్తున్నాడని మనమందరం నమ్మే కథ. స్వామి ఆ అప్పును దాచలేదని నేను ఈ కథను తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. మనుషుల కాపురాల్లో చిచ్చు పెట్టేది అప్పు కంటే దాచిన అప్పు. పెళ్లయిన మొదటి నెలలోనే పెళ్లి కోసం తెచ్చిన వడ్డీ బాకీ, చీటీలు, బ్యాంకులో తాకట్టు పెట్టిన నగలు, తమ్ముడి చదువుకో చెల్లెలి పెళ్లికో ఇస్తామన్న మాట, అన్నీ ఒక కాగితం మీద రాసి ఒకరికొకరు చూపించుకోవాలి. ధర్మంలోనూ అర్థంలోనూ కామంలోనూ ఈమెను అతిక్రమించనని పెళ్లిపీటల మీద వరుడు పలికే ప్రమాణంలో డబ్బు విషయం కూడా ఉందని మరవకూడదు.

ప్రతి నెలా జీతం వచ్చిన తొలి వారంలో అరగంట లెక్కలకు కేటాయించండి. రెండు పుట్టిళ్లకూ పంపే డబ్బు ఇద్దరికీ తెలిసి పంపండి. ఇద్దరి చేతిలోనూ లెక్క చెప్పనక్కరలేని కొద్ది సొమ్ము ఉండనివ్వండి. భార్య నగలను ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా తాకట్టు పెట్టవద్దు. స్త్రీధనం పూర్తిగా ఆమె సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది.

పెద్దలు, దూరం

నారాయణవనంలో పెళ్లి జరిగాక, కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్య మహర్షి చెప్పగా పద్మావతీ శ్రీనివాసులు శ్రీనివాసమంగాపురంలో ఉండిపోయారని స్థలపురాణం. కొత్తగా పెళ్లయినవారికి తమ ఇద్దరికే చెందిన కాలం కొంత కావాలని మన పెద్దలకు తెలుసు. వేరు కాపురం వీలుకాని ఇంట్లో కూడా వారానికి ఒక సాయంత్రం కొడుకునూ కోడలినీ బయటికి పంపించే అత్తగారు ఆ కాపురానికి చేసే మేలు ఇంతని చెప్పలేం.

మా వైపు మేనరికాలు ఎక్కువ. మేనరికంలో అత్త కొత్త మనిషి కాదు కాబట్టి చనువు ముందే ఉంటుంది. అదే సమయంలో భార్యాభర్తల చిన్న మాట అన్నాచెల్లెళ్ల మధ్య తగవుగా మారి, వారు రాజీపడితే తప్ప వీరు రాజీపడలేని స్థితి వస్తుంది. కాబట్టి రాత్రి జరిగిన గొడవను తెల్లవారగానే అమ్మకు ఫోను చేసి చెప్పే అలవాటును ఇద్దరూ మానుకోవాలి. మీరు మరునాడే మరచిపోతారు, అమ్మ మరచిపోదు. కొట్టడం, బెదిరించడం ఉన్నచోట మాత్రం ఈ నియమం వర్తించదు. అక్కడ వెంటనే చెప్పాలి.

నిందలు, పోలికలు సాధారణంగా తల్లిదండ్రుల నోట వస్తాయి, కాబట్టి ఎవరి తల్లిదండ్రులకు వారే సమాధానం చెప్పాలి. కోడలి తరఫున కొడుకు, అల్లుడి తరఫున కూతురు నిలబడాలి.

కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు వెళ్లి వచ్చేవారు, అక్కడే ఉండి శనివారాలు ఇంటికి వచ్చేవారు, శ్రీసిటీలో షిఫ్టుల్లో పనిచేసేవారు మన జిల్లాల్లో ఎందరో. ఇలాంటి జంటలకు కలిసి గడిపే సమయం చాలా తక్కువ, కాబట్టి ఆ కొద్దిసేపట్లో ఫోను పక్కన పెట్టడం అవసరం. "ఇది చూడు" అని ఒకరు పిలిస్తే తలెత్తి చూడడం ఎంత చిన్న పని! ఆరేళ్ల తర్వాత కూడా కలిసి ఉన్న జంటలు, పెళ్లయిన కొత్తలో ఇలాంటి పిలుపుల్లో 86 శాతానికి స్పందించాయని, విడిపోయినవి 33 శాతానికే స్పందించాయని గాట్‌మన్ పరిశోధన తెలిపింది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లి నెలల తరబడి ఉండే రోజుల్లో భర్త అతిథిలా ఆదివారం వచ్చి పోతే చాలదు. నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కడే ఉండి, రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడు లేవాలి. అప్పటి నిర్లక్ష్యాన్ని భార్య జీవితాంతం మరచిపోదు.

తాగుడు

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ఎదుట చేసిన ప్రమాణం తప్పరాదన్నది చిత్తూరు జిల్లా వాసుల గట్టి నమ్మకం. తాగుడు మానేస్తానని అక్కడ ప్రమాణం చేసేవారు చాలామంది. ఆ సంకల్పానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, మూర్ఛ, లేనివి కనిపించడం వంటివి రావచ్చు, కొందరికి అది ప్రాణాంతకం కూడా కావచ్చు. అందువల్ల గుడికి వెళ్లే ముందే మానసిక వైద్యుణ్ణి కలిసి, మందుల సాయంతో మానే ఏర్పాటు చేసుకోవాలి. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. మధ్యలో ఒకసారి తప్పితే ప్రమాణం పోయింది కదా అని మళ్లీ పూర్తిగా తాగుడుకు దిగడం కంటే, మరునాడే వైద్యుడి దగ్గరికి వెళ్లడం మేలు. భార్య కూడా సీసాలు వెతికే కాపలాదారు కానక్కరలేదు. తాగి ఉన్న సమయంలో వాదన పెట్టుకోకుండా, పొద్దున తెలివిగా ఉన్నప్పుడు గట్టిగా చెప్పాలి.

ఓర్చుకోకూడనివి, మధ్యవర్తులు

చేయి చేసుకోవడం, కట్నం కోసం వేధించడం, ఇంట్లో బంధించడం, చేతిలో రూపాయి లేకుండా చేయడం సర్దుకుపోవలసిన విషయాలు కావు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మాటలతో వేధించడాన్నీ ఆర్థికంగా కట్టడి చేయడాన్నీ కూడా హింసగానే లెక్కిస్తుంది. మహిళల సహాయ నంబరు 181కి గానీ, అత్యవసరమైతే 112కు గానీ ఫోను చేయాలి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఇలాంటి ఇంట్లో ఈ వ్యాసంలోని సలహాలేవీ పనిచేయవు. ముందు భద్రత కావాలి.

హింస లేని చోట, ఇద్దరి వల్లా కానప్పుడు మూడో మనిషి సాయం అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. శిక్షణ పొందిన కౌన్సెలర్ దొరికితే అదే మంచిది. పెద్దమనుషులనే పిలవవలసి వస్తే ఇరువైపుల నుంచి ఇరవై మందిని పిలిచి పంచాయితీ పెట్టవద్దు. ఇద్దరికీ గౌరవమున్న ఒక్కరిని, వీలైతే ఒక దంపతుల జంటను ఎంచుకోండి. వారు ఇద్దరితో విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి మాట్లాడాలి; అక్కడ విన్నది బయట చెప్పకూడదు; తప్పొప్పుల తీర్పు కాకుండా రేపటి నుంచి ఎవరు ఏమి మార్చుకుంటారో రాయించాలి. ఆ కాగితంలో ఒక్కొక్కరికి రెండు మూడు పనులకు మించి ఉండకూడదు, ఎందుకంటే పది రాస్తే ఒక్కటీ జరగదు. లేచి వెళ్లే ముందే రెండు నెలల తర్వాతి ఒక తేదీని ఖాయం చేసుకుని, ఆ రోజు అదే మధ్యవర్తి ఎదుట, అదే కాగితం పెట్టుకుని మళ్లీ కూర్చోవాలి.