వీడియో కాల్ తెగిపోతుంటే అప్‌లోడ్ వైపు చూడండి

నెట్ స్లో అనిపించగానే అందరం డౌన్‌లోడ్ స్పీడే చూస్తాం. మొన్న ఒక కాల్‌లో అవతలివాళ్లు నాకు చక్కగా కనిపిస్తున్నారు, నా గొంతు మాత్రం వాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. రౌటర్ రెండుసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు. తీరా చూస్తే, పక్కనే ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ ముందురోజు తీసిన వీడియోలన్నీ తాపీగా క్లౌడ్‌కి ఎక్కిస్తోంది!

చాలా కనెక్షన్లలో డేటా బయటికి వెళ్లే దారి (అప్‌లోడ్), లోపలికి వచ్చే దారికంటే (డౌన్‌లోడ్) ఇరుకు. అది నిండితే డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది. వచ్చిన డేటా 'అందింది' అని మన ఫోన్ తిరిగి కబురు పంపాలి కదా, ఆ కబురూ అదే క్యూలో నిలబడాలి.

1 జీబీ వీడియో అంటే 8,000 మెగాబిట్లు (బైటుకు 8 బిట్లు, ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనే లెక్క). అప్‌లోడ్ స్పీడ్ 10 ఎంబీపీఎస్ అయితే 800 సెకన్లు, అంటే 13 నిమిషాల పైనే.

అందుకే ముఖ్యమైన కాల్‌కి ముందు ఫోటోల బ్యాకప్ కాసేపు ఆపండి. ల్యాప్‌టాప్‌లో తనంతట తానే క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్ ఉంటే, ఆ సింక్‌నీ ఆపండి. కాల్ అయ్యాక మళ్లీ ఆన్ చేయాలి సుమా, నేను ఒకసారి వారం రోజులు మర్చిపోయాను.