కంచం నిండా కూర, నంజుకునేంత అన్నం: పెరటి పంటతో పిండిపదార్థం తగ్గించుకోవడం

మన వంటలో కూర అన్నం కోసం పుట్టింది. పులుసులో పులుపు, వేపుడులో ఉప్పు, పచ్చడిలో కారం, ఇవన్నీ నాలుగింతల అన్నంలో కలిసి పలచబడతాయన్న లెక్కతోనే మన చేతులు వేస్తాయి. అందువల్ల బియ్యం తగ్గించాలని నిశ్చయించుకున్నవారు కంచంలో అన్నం సగం చేసి, కూర మాత్రం ఎప్పటిలాగే వండుకుంటే ఆ ప్రయత్నం వారం తిరక్కుండానే వీగిపోతుంది. కడుపు నిండదు, ఉన్న కూరను ఒట్టిగా తినబోతే నోరు మండుతుంది, రాత్రి పదింటికి చేయి మళ్ళీ అన్నం గిన్నె మీదికే వెళుతుంది. కాబట్టి అన్నం తగ్గించడానికి ముందు కూరను పెంచుకోవాలి, పెంచిన కూరను ఒట్టిగా తినగలిగేలా వండుకోవాలి. అంత కూరగాయ రోజూ కొనడం భారమనిపించే ఇంటికి పెరడో మిద్దెతోటో అక్కరకు వస్తుంది.

ముందు లెక్క చూసుకుందాం. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకు 300 గ్రాముల చొప్పున రెండు పూటలా తినేవారికి అన్నం ఒక్కదానివల్లనే 170 గ్రాముల దాకా చేరుతుంది. ఇడ్లీ, అట్టు, టీలో పంచదార దీనికి అదనం. రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు ఉంచుకోవడాన్ని సాధారణంగా తక్కువ పిండిపదార్థపు ఆహారం అంటారు. 50 గ్రాముల లోపుకు దించే కీటో పద్ధతి వేరు. దాని జోలికి ఈ వ్యాసం పోదు. కొన్నేళ్ల కిందట తెలుగునాట ఊరూరా వినిపించిన కొబ్బరినూనె తాగే పద్ధతి సంగతీ ఇక్కడ లేదు. 100 నుంచి 130 గ్రాముల మధ్య నిలబడడం, అదీ ఏళ్ల తరబడి నిలబడడం, మామూలు సంసారంలో సాధ్యమయ్యే పని.

మందులు వాడేవారు మాత్రం ఈ పని వైద్యునితో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి తీసుకుంటూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు కూడా తగ్గించవలసి ఉంటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహ మందులు వాడేవారిలో పిండిపదార్థం బాగా తగ్గితే, పరీక్షలో చక్కెర మరీ ఎక్కువ కనిపించకపోయినా రక్తం ఆమ్లభరితమయ్యే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఉన్నట్టుండి పెంచకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమంతట తాము ఈ మార్పు చేసుకోకూడదు.

ఇంట్లో పండినంత మాత్రాన పిండిపదార్థం తగ్గదన్నది చాలామంది మరిచిపోయే విషయం. పెరటి చేమదుంప, చిలగడదుంప, కంద, అరటికాయ ఎంత స్వచ్ఛంగా పండినా అన్నానికి అన్నదమ్ములే. చిలగడదుంప 100 గ్రాముల్లో 20 గ్రాములు, చేమదుంపలో 25 గ్రాముల పైన ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో చిలగడదుంప ఉడకబెట్టుకున్న పూట అన్నం మానుకుంటే సరిపోతుంది; రెండూ తింటేనే లెక్క తప్పుతుంది. కొర్రలు, జొన్నలు, రాగుల సంగతీ అంతే. వాటిలో పీచు, ఖనిజాలు బియ్యం కంటే మెరుగే గాని, గింజగా తూచినప్పుడు 100 గ్రాముల్లో 60 నుంచి 70 గ్రాములు పిండిపదార్థమే. కొర్రన్నం కదా అని కంచం నిండా పెట్టుకునేవారిని చూస్తే వారి నిష్ఠకు జాలి కలుగుతుంది. అరటి చెట్టు మాత్రం ఒక సదుపాయం ఇస్తుంది: కాయను పక్కన పెట్టినా, పువ్వు, దవ్వ (కొన్ని చోట్ల దూట అంటారు) నిశ్చింతగా వండుకోవచ్చు. ఆవపెట్టిన అరటిపువ్వు ఒట్టిగా తినడానికి ఎంత బాగుంటుందో అన్నం తగ్గించాకే తెలుస్తుంది.

సొర, బీర, పొట్ల, దొండ, కాకర, బూడిదగుమ్మడి, ముల్లంగి, కీరదోస, తోటకూర, బచ్చలి, గోంగూర, పాలకూర, ఇవన్నీ 100 గ్రాములకు ఇంచుమించు 3 నుంచి 6 గ్రాముల వరుసలోవి. వంకాయ, క్యాబేజీ కూడా ఆ దాపులోనే ఉంటాయి. బెండ, మునగ, గోరుచిక్కుడు కొంచెం ఎక్కువ. వీటితోనే కంచం నింపుకోవాలి.

ఎంత కావాలి, ఎప్పుడు విత్తాలి

మనిషికి పూటకు పచ్చి కూరగాయ 300 గ్రాములు అనుకుంటే, నలుగురున్న ఇంటికి రోజుకు దాదాపు రెండున్నర కిలోలు కావాలి. మిద్దె మీద ఇరవై ముప్పై కుండీలు అంత ఇవ్వవు. ఇస్తాయని చెప్పేవారిని నమ్మవద్దు. ఆకుకూర అంతా మన తొట్లలోంచి, తీగకాయ ఒకటి మన పందిరి మీద నుంచి, మిగిలింది రైతుబజారు నుంచి అన్న పద్ధతి నిలకడగా సాగుతుంది. 1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి పట్టణంలో ఉన్నవారికి ఆ రోజు కోసిన కాయ దొరకడం సులువైంది. ఏ కాయ కుప్పలుగా పోసి ఉందో అదే ఆ రుతువు కాయ. ధర పలకను చూస్తే పంచాంగం అవసరం ఉండదు.

ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టి చాలు. తోటకూర విత్తిన 25 – 30 రోజులకు కోతకు వస్తుంది కాబట్టి, నాలుగు తొట్లు పెట్టుకుని వారానికొక తొట్టిలో విత్తుకుంటూ పోతే ఎప్పుడూ ఏదో ఒకటి కోతకు సిద్ధంగా ఉంటుంది. అన్నీ ఒకే రోజు విత్తి, ఒకే రోజు కోసి, ఇరుగుపొరుగుకు పంచి, తరువాత మూడు వారాలు బజారు కట్టలు కొనుక్కోవడం కొత్తగా తోట పెట్టినవారందరూ చేసే పొరపాటే. బచ్చలి, పొన్నగంటి, గోంగూరలను వేళ్ళతో సహా పీకకుండా గిల్లుకుంటే నెలల తరబడి చిగురిస్తాయి. తీగ జాతులకు ఒకటిన్నర అడుగుల లోతు, ఇరవై లీటర్లకు తగ్గని కుండీ కావాలి. తడిసిన మట్టి చాలా బరువు కనుక పెద్ద కుండీలను స్లాబు నడుమ కాకుండా గోడల, దూలాల వెంబడి ఉంచాలి.

మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో తొలకరి పడగానే, సొర, బీర, పొట్ల, కాకర విత్తుకోవాలి. గట్టి పెంకున్న కాకర, పొట్ల గింజలను ముందు రాత్రి నానబెడితే మొలక తొందరగా వస్తుంది. దొండకు విత్తనం వద్దు. కాయ కాసే తీగ నుంచి పెన్సిలంత లావు ముక్క తెచ్చి పాతితే ఏళ్ల తరబడి కాస్తుంది. పెరటి చిక్కుడును కూడా వానల్లోనే పెట్టాలి గాని, పగటి పొద్దు తగ్గే దాకా అది పూయదు. సెప్టెంబరులో తీగ అంత పచ్చగా అల్లుకుని ఒక్క పువ్వూ లేకపోతే ఎరువు తక్కువైందని గాబరాపడి యూరియా వేసేవారున్నారు. దానివల్ల ఆకులు ఇంకా పెరుగుతాయి, పేనుబంక వస్తుంది. దసరా దాటనివ్వండి. కార్తికం నుంచి మాఘం దాకా కోయలేనంత కాస్తుంది.

ముల్లంగి, మెంతి, పాలకూర, కొత్తిమీర అక్టోబరు, నవంబరులలో విత్తుకోవాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లను నారు పోసి, 25 – 30 రోజుల మొక్కను నాటుకోవాలి. జనవరి చివర మళ్ళీ దోస, బీర, కాకర విత్తితే ఎండలు ముదిరేలోగా కాపు చేతికొస్తుంది.

మిద్దె మీద సొర పెట్టిన చాలామంది ఒకే ఫిర్యాదు చేస్తారు: పిందె వేలెడంత కాగానే పసుపుపచ్చబడి రాలిపోతోందని. పండు ఈగ వల్ల కూడా రాలుతాయి గాని, ఈగ కుట్టిన పిందె మీద చుక్కలాంటి గాయం కనిపిస్తుంది. అది లేకుండా రాలితే పరాగసంపర్కం జరగలేదన్నమాట. సొరపువ్వు తెల్లవారి కాక సాయంత్రం పొద్దువాలే వేళ విచ్చుకుంటుంది, ఆ వేళకు తేనెటీగలు తిరగవు. ఆడపువ్వుకు కింద చిన్న సొరకాయ బొమ్మలాంటి పిందె నూగుతో కనిపిస్తుంది. మగపువ్వుకు సన్నటి పొడవాటి కాడే ఉంటుంది. అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, తెల్లటి రేకులను వెనక్కి తుంచి, పుప్పొడి ఉన్న నడిమి భాగాన్ని ఆడపువ్వు నడుమనున్న ఆకుపచ్చని ముద్దకు మెత్తగా అద్దాలి. మూడు నాలుగు రోజుల్లో పిందె తల కిందికి వాల్చి లావెక్కుతుంది. అప్పుడే దానికి పాత వార్తాపత్రికనో, పలుచటి గుడ్డసంచినో తొడిగితే ఈగ బెడద కూడా ఉండదు. బీరపువ్వూ సాయంత్రమే విచ్చుకుంటుంది. గుమ్మడికి మాత్రం తెల్లవారుజామున లేవాలి.

కోసిన సొరకాయను వండేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తాన్ని పారవేయాలి. చేదు సొరకాయలోని విషం ఉడికించినా పోదు, దాని రసం తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు మన దేశంలో ఉన్నారు. మా మిద్దె మీద ఒకసారి, నీళ్ళు సరిగా అందని మే నెలలో, రెండు కిలోల నున్నటి కాయ ఇలాగే చేదుతేలింది. మనసొప్పక రెండోసారి రుచి చూడబోయాను. ఇంట్లోవారు చేతిలోంచి లాక్కుని ఎరువు గుంతలో పారేశారు. మంచిపనే చేశారు.

ఒట్టిగా తినే కూర

బీరకాయతో మొదలుపెట్టడం తేలిక. నలుగురికి కిలోంబావు లేత బీరకాయలు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, నాలుగు కోడిగుడ్లు, నాలుగు చెంచాల వేయించి దంచిన నువ్వుల పొడి తీసుకోవాలి. పోపులో ఉల్లిపాయ మగ్గాక బీరముక్కలు వేసి, నీళ్ళు పోయకుండా మూతపెట్టాలి. మొదట గిన్నె నిండా కనిపించిన ముక్కలు తమ నీటిలో తామే ఉడికి మూడోవంతుకు దిగుతాయి. ఉప్పు ఇప్పుడే వేయాలి. అలవాటు ప్రకారం మొదట్లోనే కంటికి ఆనినంత వేస్తే దగ్గరపడ్డాక ఉప్పుకషాయమవుతుంది, అన్నంలో కలుపుకునే కూరకైతే చెల్లిపోయేది గాని దీనికి చెల్లదు. అన్నంలోకి వండేటప్పుడు వేసే ఉప్పు, కారంలో సగం వేసి, తక్కువైతే తరువాత కలుపుకోవచ్చు. గుడ్లు కొట్టి పోసి, గట్టిపడ్డాక కలిపి, దించేముందు నువ్వుల పొడి చల్లాలి. గుడ్లు తినని ఇంట్లో పన్నీరు గాని, వేయించిన వేరుశనగపప్పు గాని కలుపుకోవచ్చు. తీసిన బీరపొట్టు పచ్చడికి పనికొస్తుంది.

కూర కడుపులో నిలవాలంటే ఈ నువ్వులో, పచ్చికొబ్బరో, పల్లీలో, గుడ్లో ఉండి తీరాలి. కాయగూర మాత్రమే తింటే గంటన్నరకే ఆకలి వేస్తుంది, మాంసకృత్తులు చాలవు. గుడ్డుకు సుమారు 6 గ్రాములు, పల్లీలు గుప్పెడుకు (30 గ్రాములు) 7 గ్రాముల పైన మాంసకృత్తులు వస్తాయి. చింతచిగురులో ఎండురొయ్యలు, చిక్కుడుకాయలో నువ్వుల పొడి, సొరకాయలో పాలు పోసి వండడం మన పెద్దలకు తెలిసిన జోడింపులే. పప్పుకూరలో పాళ్ళు తిరగేయాలి: మనిషికి 30 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల ఆకు. పప్పులో మాంసకృత్తులతో పాటు సగానికి పైగా పిండిపదార్థమూ ఉందని గుర్తుంచుకోవాలి. కాకర పులుసులో బెల్లం, పులుసు చిక్కబడడానికి వేసే బియ్యప్పిండి, వేపుళ్ళ మీద చల్లే శనగపిండి లెక్కలోకి రాకుండా దూరిపోయే దొంగలు. చిక్కదనానికి నువ్వుల పొడి వాడుకోవచ్చు. కాకర చేదుకు మజ్జిగలో ఉడికించడం బెల్లం కంటే నయం.

ఇక ఒక రోజు ఇలా గడుస్తుంది. పొద్దున రెండు గుడ్ల అట్టులో తరిగిన తోటకూర, లేదా 40 గ్రాముల పెసలతో చేసిన ఒక పెసరట్టు. మధ్యాహ్నం 100 గ్రాముల అన్నం, అంటే అప్పడాల కర్రతో సమం చేసినట్టు నింపిన చిన్న కప్పు, దానికి మూడింతల కూర, పప్పుకూర, కప్పు పెరుగు. ఇదంతా కలిపి పిండిపదార్థం 65 – 70 గ్రాములు. సాయంత్రం జామకాయ. రాత్రి అన్నం లేకుండా కూర, పల్లీలు, పల్చటి మజ్జిగ. పెసరట్టు రోజున కూడా మొత్తం 130 దాటదు. తొలి వారంలో కొందరికి తలనొప్పి, నీరసం ఉంటాయి. ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోవడమే కారణం. రక్తపోటు లేనివారు మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుంటే సర్దుకుంటుంది. గ్లూకోమీటరు ఉన్నవారు తిన్న రెండు గంటలకు చూసుకుని, ఏ కూరతో ఎంత అన్నం తమకు పడుతోందో రాసి పెట్టుకోవాలి.

మామిడిపళ్ళ రోజుల్లో లెక్క అందరికీ తప్పుతుంది. 100 గ్రాముల పండు ముక్కల్లో 15 గ్రాములు ఉంటుంది కనుక, బంగినపల్లి సగం తిన్న పూట అన్నం పూర్తిగా వదిలేస్తే సరి.

మే నెలలో పందిరి ఎండిపోతుంది, తొట్లలో గోంగూర, బచ్చలి, గంగపాయల కూర మాత్రం నీడవల కింద నిలబడతాయి. ఆ నెల కోసమే ఫిబ్రవరి, మార్చిలో మిగిలిపోయిన వంకాయ, కాకర, గోరుచిక్కుడులను ఉప్పు కలిపిన మజ్జిగలో ఊరవేసి ఒరుగులుగా ఎండబెట్టుకోవాలి. నీరు పోయిన ఒరుగులో పిండిపదార్థం బరువుకు ఎక్కువ కనుక గుప్పెడు నానబెట్టి వండితే చాలు. రోహిణి కార్తెలో ఖాళీ కుండీల మట్టిని గుల్లచేసి, పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి ఎండకు వదిలితే, మృగశిర వాన పడేసరికి విత్తుకోవడానికి మట్టి సిద్ధంగా ఉంటుంది.